స్విచ్‌కూ కంప్యూటరుకూ మధ్య ఫైలు బదిలీ: పింగ్ వెళ్తోంది, టీఎఫ్‌టీపీ మాత్రం టైమ్‌డ్ అవుట్ అంటోంది

ల్యాబు_సహాయకుడు

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక పాలిటెక్నిక్ కళాశాలలో కంప్యూటర్ ల్యాబు బాధ్యతలు చూస్తున్నాను. మా ర్యాకులో 24 పోర్టుల సిస్కో క్యాటలిస్ట్ 2960 స్విచ్‌లు రెండు ఉన్నాయి. వాటిలో నడుస్తున్న కాన్ఫిగరేషన్‌ను కంప్యూటరులో భద్రపరచుకోవాలి, ఆ తరువాత కొత్త ఐఓఎస్ ఇమేజ్‌ను (స్విచ్‌ను నడిపే సిస్కో సాఫ్ట్‌వేర్ ఫైలును) కంప్యూటరు నుంచి స్విచ్‌లోకి ఎక్కించాలి. ఈ రెండు పనులూ నాకు ఇదే మొదటిసారి.

ఇంతవరకు చేసినది చెబుతాను. కన్సోల్ కేబులు పెట్టి, పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రాములో సెకనుకు 9600 బిట్ల వేగంతో స్విచ్‌లోకి ప్రవేశించాను. స్విచ్ తరఫున చిరునామా పెట్టుకునే వీలాన్ 1 ఇంటర్‌ఫేస్‌కు 192.168.1.2 ఇచ్చి, నో షట్‌డౌన్ కొట్టి దానిని ఆన్ చేశాను. ల్యాప్‌టాప్‌ను మామూలు నెట్‌వర్క్ కేబులుతో మొదటి పోర్టుకు కలిపి, దానికి 192.168.1.10 ఇచ్చాను. మాస్క్ రెండింటికీ 255.255.255.0. ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంది, అందులో టీఎఫ్‌టీపీడీ64 అనే ఉచిత ప్రోగ్రామును తెరిచి ఉంచాను. టీఎఫ్‌టీపీ అనే సాదా ఫైలు బదిలీ పద్ధతికి అది సర్వర్‌గా పనిచేస్తుంది. ల్యాప్‌టాప్ నుంచి స్విచ్‌కు పింగ్ చేస్తే, అంటే అందుతోందా అని చిన్న పలకరింపులు పంపితే, నాలుగుకు నాలుగు జవాబులూ వస్తున్నాయి. అయినా స్విచ్‌లో కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ టీఎఫ్‌టీపీ అని కొట్టి, ల్యాప్‌టాప్ చిరునామా ఇస్తే, వరుసగా చుక్కలు పడి, చివరకు టైమ్‌డ్ అవుట్ అనే సందేశం వస్తోంది.

ఇంకొక సందేహం కూడా ఉంది. ఇమేజ్‌ను పంపడానికి టీఎఫ్‌టీపీడీ64లో "పంపు" అనే బటన్ ఎక్కడుందో నాకు కనిపించలేదు. ఆదేశాలను ఇక్కడ తెలుగు అక్షరాలలోనే రాస్తున్నాను, మన్నించగలరు.

పాత_ఎక్స్ఛేంజి

మీ రెండవ సందేహానికే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మొదటి దాని పరిష్కారం కూడా దానిలోనే దాగి ఉందని నా అనుమానం. పంపే బటన్ మీకు కనిపించకపోవడానికి కారణం, ఈ వ్యవహారంలో కంప్యూటరు పంపేది కాకపోవడమే. కంప్యూటరు కొట్టు తెరుచుకుని కూర్చున్న కిరాణా వ్యాపారి లాంటిది. స్విచ్ ఆ కొట్టుకు వచ్చే ఖాతాదారు. సరుకు కావాలన్నా, తన దగ్గరున్నది దాచమని ఇవ్వాలన్నా, నడిచి వచ్చి అడగవలసింది స్విచ్చే. అందువల్ల ఫైలు ఏ దిక్కుకు వెళ్ళినా ఆదేశం స్విచ్‌లోనే కొట్టాలి: కంప్యూటరులోకి రావాలంటే కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ టీఎఫ్‌టీపీ, స్విచ్‌లోకి వెళ్ళాలంటే కాపీ టీఎఫ్‌టీపీ ఫ్లాష్ (ఫ్లాష్ అంటే స్విచ్‌లో ఫైళ్ళు ఉండే నిల్వ). టీఎఫ్‌టీపీడీ64లో క్లయింట్ అనే ట్యాబు ఒకటి ఉంటుంది కాని, ఈ పనికి దాని అవసరం లేదు.

టీఎఫ్‌టీపీ చాలా పాత పద్ధతి. ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాలైన ఆర్‌ఎఫ్‌సీలలో 783వదిగా 1981లో, సవరించిన రూపంలో ఆర్‌ఎఫ్‌సీ 1350గా 1992లో వెలువడింది. ఇందులో లాగిన్ లేదు, పాస్‌వర్డ్ లేదు, సర్వర్‌లో ఏయే ఫైళ్ళున్నాయో చూపమని అడిగే వీలు కూడా లేదు. ఫైలు పేరు కచ్చితంగా తెలిసిన వాడికే సరుకు దొరుకుతుంది. అలాగే తెరమీది గుర్తులను చదవడం అలవాటు చేసుకోండి. ఒక్కొక్క ఆశ్చర్యార్థకం పది ప్యాకెట్లు క్షేమంగా చేరాయని చెబుతుంది, చుక్క పడితే ఎదురుచూసి విసిగిందని అర్థం. మీకు చుక్కలే వస్తున్నాయంటే, ఖాతాదారు పిలుస్తున్నాడు కాని కొట్టులోంచి ఎవరూ పలకడం లేదు.

డల్లాస్_రాత్రిడ్యూటీ

ల్యాప్‌టాప్‌లో వైఫై కూడా ఆన్‌లో ఉందా? ఇళ్ళలోనూ కార్యాలయాలలోనూ చాలా రౌటర్లు 192.168.1 వరుసనే ఇస్తాయి. వైఫైకీ కేబులుకీ ఒకే వరుస చిరునామాలు ఉంటే, విండోస్ తన జవాబులను గాలిలోకి పంపి, స్విచ్‌ను ఎండగట్టే ప్రమాదం ఉంది. నేను పనిచేసే డేటా సెంటరులో ఇలాంటి పనికి ముందు వైఫైని ఆపడం నియమంగా పెట్టుకున్నాం.

ప్యాకెట్_పరిశీలకుడు

వైఫైని ఆపడం మంచి అలవాటే, కాని ఇక్కడ అది కారణం అయ్యే అవకాశం తక్కువ. ల్యాప్‌టాప్ నుంచి చేసిన పింగ్‌కు నాలుగు జవాబులూ వచ్చాయని ల్యాబు_సహాయకుడు గారు రాశారు. ల్యాప్‌టాప్ తన ప్యాకెట్లను తప్పు దారిలో పంపుతూ ఉంటే ఆ పింగే విఫలమయ్యేది. ఊహలు పెంచుకుంటూ పోయే ముందు మూడు పరీక్షలు చేయమని కోరుతున్నాను.

మొదట, స్విచ్ నుంచి ల్యాప్‌టాప్‌కు పింగ్ చేయండి. ఒక దిక్కు పింగ్ వెళ్తే రెండో దిక్కు కూడా వెళ్తుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. తరువాత, టీఎఫ్‌టీపీడీ64లోని లాగ్ కిటికీని చూస్తూ స్విచ్‌లో కాపీ ఆదేశం కొట్టండి. అభ్యర్థన అక్కడికి చేరితే, ఫైలు దొరకకపోయినా సరే, ఒక వరుస కనిపించాలి. చివరగా, ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్ ప్రోగ్రామును తెరిచి, టీఎఫ్‌టీపీ అభ్యర్థనలు వచ్చే యూడీపీ 69వ పోర్టుకు ఏవైనా ప్యాకెట్లు వస్తున్నాయేమో చూడండి. వైర్‌షార్క్ ప్యాకెట్లను విండోస్ ఫైర్‌వాల్ కంటే కింది మెట్టులోనే పట్టుకుంటుంది కాబట్టి, అక్కడ కనిపించి లాగ్‌లో కనిపించకపోతే, దొంగ ఆ రెండింటి మధ్యలోనే ఉన్నాడన్నమాట.

మరొక మాట. కేబులు పెట్టిన వెంటనే ప్రయత్నించకండి. స్పానింగ్ ట్రీ (ప్యాకెట్లు గుండ్రంగా తిరగకుండా చూసే ఏర్పాటు) సాధారణ అమరికలో ఉంటే, పోర్టు 15 సెకన్లు వింటూ, మరో 15 సెకన్లు నేర్చుకుంటూ గడుపుతుంది. దీపం కాషాయ రంగులోంచి ఆకుపచ్చకు మారేవరకు, అంటే దాదాపు అర నిమిషం పాటు, ఏ ప్యాకెట్టూ దాటదు.

ల్యాబు_సహాయకుడు

మీరు చెప్పిన మూడూ చేశాను. స్విచ్ నుంచి ల్యాప్‌టాప్‌కు చేసిన పింగ్‌లో ఐదూ చుక్కలే, ఒక్క జవాబు కూడా రాలేదు. వైర్‌షార్క్‌లో 192.168.1.2 నుంచి 69వ పోర్టుకు రాసే అభ్యర్థనలు పలుమార్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. టీఎఫ్‌టీపీడీ64 లాగ్ మాత్రం ఖాళీ. వైఫైని ఆపి చూసినా ఫలితంలో తేడా లేదు.

ప్యాకెట్_పరిశీలకుడు

అయితే సందేహం అక్కరలేదు, అడ్డుపడుతున్నది విండోస్ ఫైర్‌వాలే. ల్యాప్‌టాప్ తానుగా పంపిన పింగ్‌కు వచ్చిన జవాబును ఫైర్‌వాల్ లోపలికి రానిస్తుంది, కాని బయటి నుంచి పిలవకుండా వచ్చిన దానిని ఆపేస్తుంది. టీఎఫ్‌టీపీ అభ్యర్థన అలా పిలవకుండా వచ్చే అతిథే కదా.

"ప్రోగ్రామును మొదటిసారి తెరిచినప్పుడు అనుమతి ఇచ్చానే" అని మీరు అనవచ్చు. ఆ అనుమతి ప్రైవేటు నెట్‌వర్క్‌లకు మాత్రమే ఇచ్చి ఉంటారు. స్విచ్‌కు నేరుగా కేబులు పెట్టినప్పుడు గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి చూపే రౌటరు) ఏదీ ఉండదు కాబట్టి, విండోస్ దానిని గుర్తుతెలియని నెట్‌వర్క్‌గా భావించి పబ్లిక్ వర్గంలో పడేస్తుంది. దానితో మీరిచ్చిన అనుమతి వర్తించదు. ఫైర్‌వాల్ అమరికలలో అనుమతించిన యాప్‌ల జాబితాకు వెళ్ళి, టీఎఫ్‌టీపీడీ64 ఎదురుగా పబ్లిక్ గడిలో కూడా టిక్కు పెట్టండి. పని పూర్తయ్యాక ఆ టిక్కును తీసేయండి. ఫైర్‌వాల్‌ను మొత్తంగా ఆపేయమనే సలహా మీకు చాలాచోట్ల కనిపిస్తుంది. పరీక్షకు ఒక్క నిమిషం ఆపితే ఆపవచ్చు గాని, అలా ఆపి మరచిపోయిన ల్యాప్‌టాప్‌లను నేను ఎన్నో చూశాను.

స్విచ్, సర్వర్ వేరువేరు నెట్‌వర్క్‌లలో ఉండి, నడుమ మరో ఫైర్‌వాల్ ఉన్నవారికి ఇంకో చిక్కు ఎదురవుతుంది. అభ్యర్థన 69వ పోర్టుకు వెళ్ళినా, సర్వర్ జవాబు 69 నుంచి రాదు. ఆ బదిలీ కోసం అప్పటికప్పుడు ఎంచుకున్న మరో పోర్టు నుంచి వస్తుంది. టీఎఫ్‌టీపీ తీరు తెలియని ఫైర్‌వాల్ ఆ జవాబును అపరిచితంగా భావించి పారేస్తుంది. మీది నేరుగా పెట్టిన కేబులు కనుక ఆ బెడద లేదు.

ల్యాబు_సహాయకుడు

పబ్లిక్ గడిలో టిక్కు పెట్టిన మరుక్షణమే కాన్ఫిగరేషన్ ఫైలు ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసింది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను, మొత్తం ఉంది. ఇద్దరికీ కృతజ్ఞతలు.

ఇప్పుడు ఇమేజ్ దగ్గర ఆగాను. కాపీ టీఎఫ్‌టీపీ ఫ్లాష్ కొడితే స్థలం చాలదంటోంది. డిర్ ఫ్లాష్ అని చూస్తే మొత్తం స్థలం దాదాపు 32 ఎంబీ, ఖాళీ 9 ఎంబీ లోపే ఉంది. కొత్త ఇమేజ్ 11 ఎంబీ పైచిలుకు. ఫ్లాష్‌లో ఇమేజ్‌లు రెండు కనిపిస్తున్నాయి. ఏది తొలగించాలి?

లినక్స్_తోటమాలి

నడుమ వచ్చినందుకు మన్నించండి. ఉబుంటు వాడేవారికి ఒక్క ముక్క చెప్పి తప్పుకుంటాను. టీఎఫ్‌టీపీడీ-హెచ్‌పీఏ అనే ప్యాకేజీని పెట్టుకుంటే, ఫైళ్ళు ఎస్‌ఆర్‌వీ కింద టీఎఫ్‌టీపీ అనే ఫోల్డరులో ఉంటాయి. అక్కడి ఫైలును అందరూ చదవగలిగేలా అనుమతులుండాలి. స్విచ్ నుంచి రాసేటప్పుడు మరీ విచిత్రం: ఆ పేరుతో ఫైలు ముందే ఉండి, అందరూ రాయగలిగేలా ఉంటేనే సర్వర్ ఒప్పుకుంటుంది. అందువల్ల టచ్ ఆదేశంతో ఖాళీ ఫైలును సృష్టించి, సీహెచ్‌మాడ్ 666 చేయండి, లేదా సర్వర్ అమరికలో క్రియేట్ అనే ఐచ్ఛికాన్ని చేర్చండి. దీని మీద నాకు ఒక సాయంత్రం మొత్తం కరిగిపోయింది. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా లినక్స్‌లో లెక్కకు వస్తుంది.

పాత_ఎక్స్ఛేంజి

ల్యాబు_సహాయకుడు గారూ, షో వెర్షన్ కొట్టి, అందులో సిస్టమ్ ఇమేజ్ ఫైలు అనే వరుసను చదవండి. ఇప్పుడు నడుస్తున్న ఇమేజ్ ఏదో అక్కడ ఉంటుంది. రెండవది పాత అప్‌గ్రేడు నాటి మిగులే అయితే దానిని తొలగించండి. నడుస్తున్న దాని జోలికి పోకండి. నిజానికి దానిని తొలగించినా స్విచ్ వెంటనే ఆగిపోదు, ఇమేజ్ అప్పటికే విప్పుకుని మెమరీలోకి ఎక్కి ఉంటుంది కాబట్టి పని సాగుతూనే ఉంటుంది. అయితే ఆ స్థితిలో కరెంటు పోతే, తిరిగి లేవడానికి ఫ్లాష్‌లో ఏమీ ఉండదు.

డల్లాస్_రాత్రిడ్యూటీ

ఒక్కొక్కప్పుడు వేరే దారి ఉండదు కదా. రెండు ఇమేజ్‌లు పట్టని ఫ్లాష్‌లో నడుస్తున్న దానిని తొలగించక తప్పదు. మేము రెండు యూపీఎస్‌ల మీద నడిచే ర్యాకులలో ఆ పని చాలాసార్లు చేశాం, ఏమీ కాలేదు.

పాత_ఎక్స్ఛేంజి

మీ ర్యాకుకు రెండు యూపీఎస్‌లున్నాయి, ఈయన ల్యాబులో వేసవి మధ్యాహ్నం కరెంటు ఎన్నిసార్లు పోతుందో ఈయనకే తెలియాలి. ఆయనకు మిగులు ఇమేజ్ ఒకటి ఉన్నప్పుడు ఆ సాహసం దేనికి? పాతది ఉంచుకునే వీలున్నంతవరకు ఉంచుకోవాలనే నా అభిప్రాయం. ఇమేజ్ చేరిన తరువాత వెరిఫై ఎండీ5 ఆదేశంతో దాని ఎండీ5 విలువను (ఫైలు పాడైతే మారిపోయే గుర్తింపు సంఖ్యను) లెక్కించి, సిస్కో డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన ఎండీ5 విలువతో అక్షరం అక్షరం సరిచూసేవరకు, పాతదే మీకు ఆధారం.

నిర్వాహకులు

ఐఓఎస్ ఇమేజ్‌ల లింకులు ఇక్కడ అడగవద్దని, ఇవ్వవద్దని మనవి. వాటిని సిస్కో నుంచి, మీ పరికరానికున్న హక్కు మేరకే తీసుకోవాలి. ఎండీ5 సరిపోలని, ఎక్కడి నుంచో తెచ్చిన ఇమేజ్‌ను స్విచ్‌లో పెట్టడం ప్రమాదకరం కూడా.

సీసీఎన్ఏ_విద్యార్థిని

అందరికీ నమస్కారం. చర్చను ఆసక్తిగా చదువుతున్నాను. నాదొక సందేహం. టీఎఫ్‌టీపీతో 32 ఎంబీ కంటే పెద్ద ఫైళ్ళు వెళ్ళవని మా శిక్షకులు చెప్పారు. కాని పెద్ద స్విచ్‌ల ఇమేజ్‌లు వందల ఎంబీలు ఉంటాయని విన్నాను. మరి వాటిని ఎలా పంపుతారు?

ప్యాకెట్_పరిశీలకుడు

మంచి ప్రశ్న. మీ శిక్షకులు చెప్పినది పాత సర్వర్ల విషయంలో నిజం. టీఎఫ్‌టీపీ ఫైలును 512 బైట్ల ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కకు ఒక వరుస సంఖ్య వేస్తుంది. ఆ సంఖ్యకు కేటాయించినది 16 బిట్లే కాబట్టి 65,535 దాటి లెక్కపెట్టలేదు. గుణిస్తే 3,35,53,920 బైట్లు వస్తాయి. అదే ఆ 32 ఎంబీ హద్దు. కొన్ని సర్వర్లు సంఖ్య అయిపోగానే మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడతాయి, కొన్ని అక్కడే చేతులెత్తేస్తాయి.

దీనికి 1998లో ఆర్‌ఎఫ్‌సీ 2348 ఒక పరిష్కారం చూపింది. ముక్క పరిమాణం ఎంత ఉండాలో రెండు వైపులా ముందే మాట్లాడుకోవచ్చు. ఐఓఎస్‌లో ఐపీ టీఎఫ్‌టీపీ బ్లాక్‌సైజ్ ఆదేశంతో 8192 వరకు పెంచుకుంటే, హద్దు దాదాపు 512 ఎంబీకి చేరుతుంది. అయితే 1468 దాటిన ముక్క ఒక ఈథర్‌నెట్ ఫ్రేములో పట్టదు. 1500లో ఐపీ శీర్షికకు 20, యూడీపీకి 8, టీఎఫ్‌టీపీకి 4 పోతే మిగిలేది అంతే. అంతకు మించితే ఐపీ దానిని మళ్ళీ ముక్కలు చేయవలసి వస్తుంది. నేరు కేబులు మీద పరవాలేదు గాని, దారిలో ముక్కలను అడ్డుకునే పరికరాలుంటే ఇబ్బంది.

పరిమాణం కంటే నన్ను ఎక్కువగా వేధించినది ఆలస్యం. టీఎఫ్‌టీపీ ఒక ముక్క పంపి, అందిందన్న కబురు వచ్చేవరకు రెండవది పంపదు. 1,15,00,000 బైట్ల ఇమేజ్‌లో 22,000 పైగా ముక్కలుంటాయి. దూరపు శాఖ నుంచి రాకపోకలకు 40 మిల్లీసెకన్లు పడితే, ఎదురుచూపులకే దాదాపు 15 నిమిషాలు పోతాయి, లింకు వేగం ఎంత ఉన్నా సరే. పక్కనే ఉన్న ల్యాప్‌టాప్ నుంచైతే ఈ బాధ తెలియదు.

పాత_ఎక్స్ఛేంజి

విద్యార్థినికి ఒక పిట్టకథ. మొదటి రూపంలోని టీఎఫ్‌టీపీలో, ఆలస్యమైన కబురును చూసి పంపేవాడు అదే ముక్కను రెండోసారి పంపేవాడు, దానికి రెండు కబుర్లు వచ్చేవి, వాటికి మళ్ళీ రెండేసి ముక్కలు వెళ్ళేవి, అలా చివరి ముక్క వరకు ప్రతిదీ రెండుసార్లు ప్రయాణం చేసేది. ఈ జబ్బుకు, తాను వేసిన మంత్రాన్ని ఆపలేకపోయిన పాత కథలోని మంత్రగాడి శిష్యుడి పేరు పెట్టారు. ఆర్‌ఎఫ్‌సీ 1350 రావడానికి ఇదీ ఒక కారణం. ఫైలు చివరిదాకా వచ్చిందని ఎలా తెలుస్తుందో కూడా గమనించమ్మా: 512 కంటే చిన్న ముక్క వస్తే అదే ఆఖరు. ఫైలు సరిగ్గా 512 గుణిజమైతే, చివర ఖాళీ ముక్క ఒకటి పంపుతారు.

డల్లాస్_రాత్రిడ్యూటీ

ఇన్ని కష్టాలు పడేకంటే ఎస్‌సీపీ (ఎస్‌ఎస్‌హెచ్ అనే గుప్త లాగిన్ మీదుగా ఫైళ్ళు పంపే పద్ధతి) వాడవచ్చు కదా అని నా మనవి. స్విచ్‌లో హోస్ట్‌నేమ్, డొమైన్ పేరు పెట్టి, 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళం తయారు చేసి, ప్రివిలేజ్ 15తో (పూర్తి అధికారంతో) ఒక యూజరును సృష్టించి, వీటీవై లైన్లలో (దూరం నుంచి లాగిన్ అయ్యే దారులలో) ఎస్‌ఎస్‌హెచ్ అనుమతించి, ఐపీ ఎస్‌సీపీ సర్వర్ ఎనేబుల్ కొడితే, స్విచ్చే సర్వర్ అవుతుంది. అప్పుడు కొట్టు స్విచ్‌ది, ఖాతాదారు కంప్యూటరు. ల్యాబు_సహాయకుడు గారు మొదట వెతికిన "పంపు" బటన్ ఈ పద్ధతిలోనే దొరుకుతుంది. పాస్‌వర్డ్ ఉంటుంది, దారిలో ఎవరూ చదవలేరు, టీసీపీ మీద నడుస్తుంది కాబట్టి 32 ఎంబీ గొడవ లేదు. అయితే పేరులో కే9 ఉన్న ఇమేజ్ నడుస్తున్న స్విచ్‌లలోనే ఎస్‌ఎస్‌హెచ్ ఉంటుంది.

రెండు గోతులు ఉన్నాయి, ముందే చెబుతాను. కంప్యూటరు వైపు వాడే ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాములో 9.0, అంటే 2022 ఏప్రిల్ నుంచి, ఎస్‌సీపీ అనే ఆదేశం లోపల ఎస్‌ఎఫ్‌టీపీ అనే మరో బదిలీ పద్ధతిని వాడుతోంది. ఈ స్విచ్‌లకు అది అర్థం కాదు. ఆదేశంలో అడ్డగీత పక్కన పెద్దక్షరం ఓ చేర్చితే పాత పద్ధతికి తిరిగి వెళ్తుంది. అలాగే 2021లో వచ్చిన 8.8 నుంచి, ఎస్‌హెచ్‌ఏ-1 మీద ఆధారపడిన పాత ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ సంతకాలను అది ముందుగానే తిరస్కరిస్తుంది. చిన్నక్షరం ఓ తో హోస్ట్‌కీ ఆల్గరిథమ్స్ అనే ఐచ్ఛికానికి ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏను జోడించాలి. పెద్ద ఓ ఒకదానికి, చిన్న ఓ మరొకదానికి. నేను తారుమారు చేసిన రాత్రులు ఉన్నాయి.

పాత_ఎక్స్ఛేంజి

నెట్‌వర్క్ మీదుగా వెళ్ళే బదిలీలకు మీ మాటే సరి, ఒప్పుకుంటున్నాను. టీఎఫ్‌టీపీలో పంపిన కాన్ఫిగరేషన్‌ను దారిలో ఎవరైనా చదవగలరు. అందులో టైప్ 7 (సిస్కో బలహీనంగా దాచే రకం) పాస్‌వర్డ్‌లుంటే వాటిని క్షణంలో విప్పవచ్చు, పరికరాలను గమనించే ఎస్‌ఎన్‌ఎంపీకి పాస్‌వర్డ్ లాంటి కమ్యూనిటీ పేర్లైతే విప్పే పని కూడా లేదు. కాని చేయి చాపితే అందే ల్యాప్‌టాప్‌కు, ఒకే కేబులు మీద, పది నిమిషాల పనికి టీఎఫ్‌టీపీ చాలు. ల్యాప్‌టాప్‌లోకి వచ్చిన ఆ ఫైలును ఎక్కడ దాస్తున్నారన్నదే అక్కడ అసలు జాగ్రత్త.

ల్యాబు_సహాయకుడు

మిగులు ఇమేజ్‌ను తొలగించి, కొత్తదాన్ని ఎక్కించాను. తెరనిండా ఆశ్చర్యార్థకాలే, ఒక్క చుక్క కూడా పడలేదు. ఎండీ5 సరిపోయింది. బూట్ సిస్టమ్ ఆదేశంలో కొత్త పేరును చేత్తో టైపు చేయకుండా, డిర్ ఫలితం నుంచి కాపీ చేసి పెట్టి, షో బూట్‌తో సరిచూసి, రైట్ మెమరీ చేసి, రీలోడ్ చేశాను. మొదటి స్విచ్ కొత్త వెర్షన్‌తో లేచింది.

రెండవ స్విచ్ కథ వేరు. దాన్ని ఇదివరలో ఎవరు ఏం చేశారో గాని, ఆన్ చేస్తే స్విచ్ అనే మాట, కోలన్ మాత్రమే కనిపించి ఆగిపోతోంది. ఫ్లాష్‌ఇనిట్ కొట్టి డిర్ చూస్తే ఇమేజ్ ఏదీ లేదు. ఇక్కడ ఐపీ చిరునామా ఇచ్చే ఆదేశమే కనిపించడం లేదు.

పాత_ఎక్స్ఛేంజి

అది బూట్‌లోడర్, ఐఓఎస్‌ను లేపే చిన్న ప్రోగ్రాము. మీ మోడల్లో అక్కడ టీఎఫ్‌టీపీని నమ్ముకోకండి, ఎక్స్‌మోడెమ్ అనే పాత సీరియల్ బదిలీ పద్ధతి ద్వారా కన్సోల్ కేబులు మీదుగానే ఇమేజ్‌ను పంపాలి. 9600 వేగంలో సెకనుకు 960 బైట్లకు మించి వెళ్ళవు, మీ ఇమేజ్‌కు మూడు గంటల పైనే పడుతుంది. అందువల్ల ముందుగా సెట్ బాడ్ 115200 అని కొట్టండి. వెంటనే తెరమీద పిచ్చి అక్షరాలు వస్తాయి, భయపడకండి, టెర్మినల్ వేగాన్ని కూడా 115200కు మార్చండి. తరువాత కాపీ ఎక్స్‌మోడెమ్, ఫ్లాష్, ఫైలు పేరు. పుట్టీలో ఎక్స్‌మోడెమ్ లేదు, టెరా టర్మ్ వాడండి. ఫైల్ మెనూలో ట్రాన్స్‌ఫర్, ఎక్స్‌మోడెమ్, సెండ్.

పని అయ్యాక, బూట్ చేసే ముందు, అన్‌సెట్ బాడ్ కొట్టి, టెర్మినల్‌ను తిరిగి 9600కు తెచ్చుకోవడం మరచిపోకండి.

ల్యాబు_సహాయకుడు

పూర్తయింది. ఎక్స్‌మోడెమ్ బదిలీకి ఇరవై నిమిషాల పైన పట్టింది. మొదటి ప్రయత్నంలో సెండ్ నొక్కడంలో ఆలస్యం చేయడంతో స్విచ్ విసిగి ఆగిపోయింది, రెండవసారి ఫైలును ముందే ఎంచుకుని సిద్ధంగా ఉన్నాను. రెండవ స్విచ్ లేచాక, మొదటి దాని కాన్ఫిగరేషన్ ఫైలులో హోస్ట్‌నేమ్, వీలాన్ 1 చిరునామా మార్చి, కాపీ టీఎఫ్‌టీపీ స్టార్టప్-కాన్ఫిగ్ ద్వారా దీనిలో పెట్టాను.

పాత_ఎక్స్ఛేంజి గారు హెచ్చరించినా అన్‌సెట్ బాడ్ మరచిపోయాను. సాయంత్రం మా సహోద్యోగి 9600తో కన్సోల్ పెట్టి, స్విచ్ పాడైందని నాకు ఫోన్ చేశారు. ఇప్పుడు వేగాన్ని సరిచేశాను. విండోస్ ఫైర్‌వాల్‌లో పబ్లిక్ గడిలోని టిక్కును కూడా తీసేశాను.